కళ్ళు మూసుకున్న ఫొటో

మా అమ్మకు ఉన్నది ఒక్కటే ఫొటో. అది ఆమె పోయాక తీసింది. మా వైపు పల్లెల్లో అప్పట్లో బతికున్న మనిషికి ఫొటో తీయించాలని ఎవరికీ తోచేది కాదు. మనిషి పోయి, ఇక ఆ ముఖం కనబడదని తెలిశాక, ఎవరో ఒకరు సైకిలెక్కి చీపురుపల్లి నుంచి ఫొటో తీసేవాడిని తెచ్చేవారు. మా అమ్మ కోసం మా మేనమామ తెచ్చాడు. అమ్మను వాకిట్లో చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా నడుముకు తువ్వాలు కట్టారు. పక్కన నన్ను నిలబెట్టారు. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. నా చంకలో నెలల పిల్ల, మా చెల్లి.

అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చేసిన రోజుల్లో కొత్తవలస నుంచి చెల్లి ఫోను చేసింది. అక్కనైన నన్ను అది అప్పా అనే పిలుస్తుంది.

"అప్పా, పాడైపోయిన ఫొటోల్ని కంపూటర్లోకి ఎక్కించి కొత్తవి సేసి ఇస్తన్నారు. మూసున్న కళ్ళు కూడా తెరిపిస్తారంట. అమ్మ ఒక్కసారి నా కేసి సూసినట్టుంటాది. సేయిద్దుమే."

కాదనలేకపోయాను. అమ్మను కళ్ళు తెరిచి ఉండగా చూసిన గుర్తు దానికి లేదు. పెట్టె అడుగు నుంచి ఫొటో తీసుకుని వెళ్ళాను. చెల్లి రైలు దిగింది. ఇద్దరం చీపురుపల్లి స్టేషను దగ్గరి స్టూడియోకి నడిచాం.

స్టూడియో ఆయన నడివయసు మనిషి. దండ వేసే ఫొటోకి అమ్మ ఒక్కతే చాలని, పక్కనున్న మా ఇద్దరినీ తీసేస్తానన్నాడు. ఫొటోను యంత్రం అద్దం మీద బోర్లించి మూత వేశాడు. కింద నుంచి వెలుగొకటి మెల్లగా జరిగింది. కాసేపటికి అమ్మ తెర నిండా వచ్చింది. చెమ్మ మరకలు, మడత పడ్డ గీతలు, చెదపురుగు కొట్టిన మూల. ఆయన ఒక్కొక్క మరక పక్కనున్న మంచి చోటు నుంచి రంగు తెచ్చి మరక మీద రుద్దుతున్నాడు. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. పలక మీద చెరిపితే ఖాళీ అవుతుంది. ఇక్కడ ఆయన చెరుపుతుంటే ఖాళీలు పూడుతున్నాయి.

ముక్కులో దూది పోయింది. దవడ కిందుగా తల చుట్టూ కట్టిన గుడ్డ దగ్గర ఆగాడు.

"ఈ గుడ్డ తీసెస్తే కింద గెడ్డం నేదమ్మా. నేనే గీయాల. ఎలాగుండీది?"

"గుండ్రంగా ఉండీది బాబూ. మద్దిన పచ్చబొట్టు, మూడు సుక్కలు."

చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మకి పచ్చబొట్టు ఉండీదేటి? నాకెప్పుడూ సెప్పనేదేటే?"

"నువ్వెప్పుడడిగినావే?"

"ఉన్నాదని తెలిస్తే కదే అడగడానికి!"

ఆయన చుక్కలు పెట్టాడు. "మరి కళ్ళో?" అన్నాడు.

అమ్మ నడక చెప్పగలను. గోగునార కంపు కొట్టే ఆమె చేతులు చెప్పగలను. తిట్టేటప్పటి గొంతూ చెప్పగలను. కళ్ళు మాత్రం రాలేదు. ఎంత తలచుకున్నా ఆ కుర్చీలోని మూసిన రెప్పలే అడ్డొచ్చాయి. తెలీదన్నాను.

"పర్నేదు, వేరే ఫొటోలోవి తెచ్చి పెడతాం. ఒకలికి సినిమా యాక్టరు కళ్ళు పెట్టీసినాను."

"ఓలమ్మో! మా యమ్మకి సినిమావోల కళ్ళు పెడితే మా అయ్య లెగిసొచ్చి నిన్ను తంతాడు బాబూ," అంది చెల్లి.

ఆయన నవ్వి ఫొటోలో నన్ను చూపించాడు. "ఈ పాపవి పెడదుమా? అదే ఎండ, అదే కెమెరా. సరిగ్గా అతుకుతాయి."

నా కళ్ళను కత్తిరించి, కొంచెం పెద్దవి చేసి, అమ్మ రెప్పల మీద పెట్టాడు.

చెల్లి లేచి నిలబడింది. "సూస్తన్నాదే అప్పా. నన్నే సూస్తన్నాది."

నేను చూడలేకపోయాను. ఆ చూపు నాకు తెలుసు. ఆ రోజు కదలొద్దని ఫొటో ఆయన నల్లగుడ్డలోంచి అరుస్తున్నాడు. చెల్లి పాల కోసం అమ్మ వైపు వాలిపోతోంది. దాని చెయ్యి తగిలితే అమ్మ కుర్చీలోంచి పడిపోతుందని, దాన్ని అదిమి పట్టుకుని కెమెరా వైపు చూశాను. ఇప్పుడు ఆ భయమంతా అమ్మ ముఖంలో ఉంది.

చెల్లి కళ్ళు తుడుచుకుంటోంది. చెబితే దానికి ఆ చూపు పోతుంది. అయినా చెప్పాను.

"ఒసే, అది అమ్మ సూపు కాదే. నువ్వు పాలకి అమ్మ మీదకి పడిపోతన్నావు. అమ్మ పడిపోద్దని నేను బయంతో సూసిన సూపది."

అది పాత ఫొటో మళ్ళీ చూపించమంది, నేనున్న వైపు పెద్దది చేయించింది. చంకలో పిల్ల చెయ్యి అమ్మ వైపు చాచి ఉంది. కదిలిందేమో, వేళ్ళు మసకగా పడ్డాయి.

"ఈ సెయ్యి నాదేనా?"

"నీదే."

"అప్పా... ఎంత సిన్నదానివే నువ్వు," అంది. ఆయన వైపు తిరిగింది. "అమ్మ కళ్ళు మూసీయండి బాబూ. మమ్మల్నిద్దర్నీ తీసీకండి. ముగ్గురం ఉండాల."

"అదెలాగమ్మా? బతికున్నోలున్న ఫొటోకి దండెయ్యకూడదు కదా."

"దండ ఎయ్యంలే," అంది చెల్లి.

కొత్తవలసలో వాళ్ళ గోడ మీద ఆ ఫొటో దండ లేకుండానే ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరని అడిగితే, చెల్లి అమ్మ కన్నా ముందు ఫొటోలోని నా మీద వేలు పెట్టి చెబుతుంది.