సున్నా నొప్పుల శాలువా

ఒక్క నెలలో ఊరందరి మోకాళ్ళ నొప్పులూ మాయం చేసిన ఘనురాలిని నేను. నమ్మకండి. మోకాళ్ళు అలాగే నొప్పెడుతున్నాయి, మాయమైంది డాక్టరు. ఆ ఘనకార్యం తలచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అప్పటికి నందిగాం దగ్గర ఒక పల్లెలో కాంట్రాక్టు నర్సుగా చేరి ఆరు నెలలు. అక్కడి ఆడవాళ్ళు పొద్దస్తమానం కూర్చుని జీడిపిక్కలు కొడతారు. వయసు మళ్ళేసరికి మోకాళ్ళు అరిగి, లేస్తుంటే పాత తలుపుల్లా కిర్రుమంటాయి. నొప్పికి దుకాణంలో బిళ్ళలు కొని మింగేస్తారు. అసలే ఉద్దానం, ఇంటింటా కిడ్నీల భయం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడం మా వైపు ఉత్త సామెత కాదండీ. అందుకే పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, మంగళవారం మంగళవారం వచ్చి వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపీ డాక్టర్ని రప్పించుకున్నాం.

ఆయనతో పాటు ఒక ఫారం వచ్చింది. నొప్పి లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. నెలనెలా అడిగి రాయాలి. ముందు గున్నమ్మ పిన్నిని అడిగాను. ఆవిడ ఊరందరికీ పిన్నే.

"పదిహేను," అంది.

"పదే ఆఖరు పిన్నీ."

"అయితే పది ఏసి, మిగతా అయిదు రెండో మోకాలికి రాసీ."

నెల తిరిగేసరికి పిన్ని బిళ్ళలు మానేసింది. పది కాస్తా ఎనిమిదికి దిగింది. పండగ చేసుకోవలసిన సంగతే. కానీ పై ఆఫీసు నుంచి ఫోను, "అంకెలు ఇంకా తగ్గాలమ్మా" అని. నేను ఆడవాళ్ళందరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మీ నొప్పులు తగ్గకపోతే నా ఉద్యోగం ఊడుతుందేమో" అనేశాను. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినవాళ్ళ గురించి విని ఉంటారు గానీ, ఉద్యోగానికీ మోకాలికీ ముడిపెట్టింది నేనే.

మరుసటి నెల మళ్ళీ ఫారం తీశాను.

"పిన్నీ, ఎంత?"

"సున్నా."

"గోడ పట్టుకుని లేస్తున్నావు కదా!"

"గోడ పడిపోద్దేమోనని పట్టుకున్నాను. నువ్వు రాసీ పాపా."

వెనకాల వరసంతా సున్నాలే. నమ్మావా అంటారా? నమ్మడానికి చాలా కష్టపడ్డాను.

టెక్కలి మీటింగులో నాకు శాలువా కప్పారు. ఆ శాలువాతో ఉండగానే విన్నాను: "నొప్పులే లేని ఊరికి డాక్టరెందుకు? ఆయన్ని ఇంకో మండలానికి వేశాం." అక్కడే లేచి నిజం చెప్పాను. "రికార్డు మారదమ్మా, కూర్చో" అన్నారు.

మంగళవారం అందరూ వచ్చి మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చున్నారు.

"డాక్టరుబాబు రాలేదేటి?" అంది పిన్ని.

జరిగింది చెప్పాను. పిన్ని గోడ పట్టుకుని లేచింది.

"నీ ఉజ్జోగం పోద్దని సెప్పినాం గానీ, మా మోకాళ్ళనడిగి సెప్పినామేటి?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. రెండు వారాలకి ఆవిడ కొంగుముడిలో మళ్ళీ బిళ్ళలు చూసి నాకు ఏడుపొచ్చింది.

"మానీ పిన్నీ, కిడ్నీలు పోతాయి."

"మానేత్తాను. మరి పిక్కలెవులు కొడతారు?" అని, మళ్ళీ తనే అడిగింది. "నీకు శాలువా కప్పినారంట కదా పాపా. ఇత్తావేటి? మోకాలికి సుట్టుకుంటాను."

ఇచ్చేశాను. ఆ శాలువా మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక జన్మలో రోగుల ముందు నా ఉద్యోగం గోడు వెళ్ళబోసుకోను. గోడ పట్టుకుని లేచే మనిషికి సున్నా వెయ్యను. ఎవరైనా శాలువా పట్టుకుని ఎదురొస్తే, ముందు ఊళ్ళో ఏం మాయమైందో చూసుకుంటాను.