ప్లే డే నాడు బస్సెక్కిన నలుగురు

మా బావ మోటార్ సైకిల్ మీంచి పడ్డప్పుడు దవాఖానలో అందరూ ఆయననే తప్పుపట్టారు. నేనూ పట్టాను. ఆయన బండి కొనాల్సి వచ్చింది నా వల్లేనన్న మాట మాత్రం తొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. మొన్న మా గోదావరిఖని కాలనీ సంఘం వాళ్లు వచ్చి, "కార్లు తగ్గించాలె, బస్సెక్కాలె, నడవాలె అని మీటింగ్ పెడుతున్నం సార్. మీరే మాట్లాడాలె" అన్నారు. సరేనన్నాను గానీ, వాళ్లు వెళ్లాక ఇంటి ముందున్న నా కారు వైపు చూడలేకపోయాను.

కారు ఉన్నచోట ఒకప్పుడు గనికి పోయే షిఫ్టు బస్సు ఆగేది. అక్క కట్టిచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని బావ సైరన్ కంటే ముందే వచ్చి నిలబడేవాడు. బస్సులో బొగ్గు, చెమట, జర్దా కలిసిన వాసన. వెనక సీట్ల నుంచి వీధి చివరిదాకా వినిపించే నవ్వులు. గని ఆఫీసులో పనిచేసే నేను అప్పుడే కారు కొన్నాను. బస్సు అడ్డం లేకపోతే ఇంటి ముందే పెట్టుకోవచ్చని నా బాధ. "ఆఫీసు ఈడికెల్లే కనవడుతున్నది గదరా బామ్మర్దీ! నువ్వు కారు తలుపు తీసేలోపు నేను నడిచిపోయి నీ కుర్చీల కూసుంట" అనేవాడు బావ, అందరి ముందూ. అది నాకు గుచ్చుకునేది.

బస్సు నడపాలా వద్దా తేల్చడానికి, ఎంతమంది ఎక్కుతున్నారో చూసి రాయమని ఆఫీసులో ఆ పని నాకే అప్పగించారు. నేను ఆదివారం చూశాను. ఆదివారం ప్లే డే, గనికి సెలవు. నీళ్లు తోడే పంపుల దగ్గరికి వెళ్లే నలుగురు తప్ప ఎవరూ ఎక్కరు. ఈ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలిసిన సంగతి. నాకూ తెలుసు. నలుగురే ఎక్కుతున్నారని రాశాను. ఏ రోజో రాయలేదు. కొద్ది రోజులకే బస్సు ఆగిపోయింది.

మోకాళ్ల నొప్పులకు సైకిల్ తొక్కలేక బావ యాభై దాటాక బండి నేర్చుకున్నాడు. లారీల నుంచి రాలిన బొగ్గుపొడి వానకు బురదైతే, గని దారిలో బండి జారి పడ్డాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. "ఈ వయసుల నీకు బండెందుకు బావా?" అని మంచం పక్కన నిలబడి అడిగింది నేనే. అక్క కూడా నా మాటకే తలూపింది. "బస్సు లేదు గదరా" అన్నాడాయన.

మీటింగ్‌కు ముందురోజు పొద్దున బావ వాళ్లింటికి నడిచి వెళ్లాను. పది నిమిషాల దారి. తొమ్మిదేళ్లూ కారులోనే వెళ్లాను, కారులోనే వచ్చాను. కాలం గడిస్తే చెప్పడం తేలికవుతుందనుకున్నాను, ప్రతి ఏడూ ఇంకాస్త కష్టమైంది. బావ అరుగు మీద కూర్చుని కట్టుడు కాలు పట్టీ బిగించుకుంటున్నాడు. "ఏందిరా, కారు ఖరాబైందా?" అని నవ్వాడు.

అక్కను కూడా బయటికి పిలిచాను.

"గా బస్సు బందైంది నా వల్లనే బావా. ప్లే డే అని తెలిసే గా దినం చూసి రాసిన. దవాఖానల తప్పంత నీ మీదేసిన. అక్కా, నువ్వు గూడ ఇను. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యిన్రి."