కోడిపిల్ల కాళ్ళకు దిష్టితాడు

మా రైల్వే క్వార్టరు వెనక వరండాలో నాన్నమ్మ పెట్టను పొదగేసినప్పుడు, గంపలో గడ్డి వేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. గడ్డిలోంచి కోడిపేలు ఇంట్లోకి పాకుతాయట. పాత కుర్చీ నుంచి ఊడిన రెక్సిన్ ముక్కను సబ్బుతో తోమి, గంప అడుగున పరిచింది. బిలాస్‌పూర్ మొత్తంలో అంత శుభ్రమైన పురిటిగది మరొకటి ఉండి ఉండదు.

గుడ్లు పగిలాయి. పిల్లలన్నీ తల్లి వెంట దిగిపోయాయి, ఆఖరున పుట్టినది తప్ప. అది లేవబోయినప్పుడల్లా ఆ నున్నటి రెక్సిన్ మీద కాళ్ళు చెరో పక్కకీ జారిపోతున్నాయి. ఎడమ కాలు ఊరికి ఆ చివరున్న దయాల్‌బంద్ వైపు, కుడి కాలు ఈ చివరున్న మంగ్లా వైపు, పొట్ట మాత్రం మా వరండాలో.

"ఓలమ్మో! ఎవులి కళ్ళు పడ్డాయో దీని మీద!" అంటూ నాన్నమ్మ కూలబడింది.

"దీన్ని చూసిందెవరు నాన్నమ్మా? మనమూ, గోడ మీది పిల్లీ. అంతేగా."

"అదే సెప్తన్నాను. పిల్లి మంచిదే. నీ కళ్ళే!"

నాన్న గూడ్స్ డ్రైవరు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, గంపలోకి ఒకసారి తొంగి చూశాడు. "తల్లి ఎనకాల పోలేనిది ఏటి తింటాది? అది బతకదర్రా. ఒగ్గేయండి," అని స్నానానికి పోయాడు.

అమ్మ వంగి కోడిపిల్లను చేత్తో ముట్టుకుంది. మా ఇంట్లో అదొక వార్త. దాన్ని తీసి గోనెసంచి మీద పెట్టింది. గోళ్ళకు పట్టు దొరికి కాళ్ళు కాస్త తక్కువ జారాయి. అమ్మ ఆ కాళ్ళ వంకా, రెక్సిన్ వంకా మార్చి మార్చి చూసింది. సాయంత్రానికి రెక్సిన్ చెత్తకుప్పలో ఉంది.

ఈలోగా నాన్నమ్మ నల్లదారం తెచ్చింది.

"ఏ కాలికి కడతావు?" అన్నాను.

"దిష్టి ఏ కాలికి తగిల్నాదో నాకేటి తెల్సు? రెండిటికీ కడతాను."

మధ్యలో వేలెడంత సందు వదిలి, రెండు కాళ్ళకూ కలిపి ఒకే దారం కట్టింది. ఇక కాళ్ళు పక్కలకు జారడానికి దారి లేదు. సంకెళ్ళు వేసిన దొంగలా పిల్ల గోనె మీద నిలబడింది, పడింది, మళ్ళీ నిలబడింది. కోడి గడప తొక్కితే చీపురు తీసే అమ్మ, దాన్ని వంటింట్లో ఒళ్ళో పెట్టుకుని నానబెట్టిన నూకలు తినిపించింది.

కొన్నాళ్ళకు దారం కోశారు. పిల్ల నడిచింది.

"సూసినావేటే కోడలా? దిష్టి పోనాది."

"గోనె మీద కాలు ఆనింది అత్తా."

"అచ్ఛా! నాను తాడు ఊరికే కట్టీసేనేటి?"

"చెరో కాలూ పంచుకోండి," అన్నాను. ఇద్దరూ ఒక్కటై నన్ను తిట్టారు. ఇంట్లో శాంతి నెలకొంది.

మర్నాడు నాన్న పెట్టె పట్టుకుని డ్యూటీకి బయల్దేరి, వరండాలో ఒక కాలు గాల్లోకెత్తి ఆగిపోయాడు. ఎదురుగా ఆ పిల్ల, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ తల్లి దగ్గరికి పోతోంది.

"నాన్నా, లేటయిపోతుంది."

"ఉండ్రా," అన్నాడు, కాలు దించకుండానే. "దాన్ని దాటనీ."