ఎమ్మిగనూరులో నా చివరి పేజీ

మద్రాసు సెంట్రల్లో బొంబాయి మెయిలు ఎక్కేటప్పటికి నా సంచిలో రెండు పంచెలు, ఒక తువ్వాలు, నోటుపుస్తకం, వాటన్నిటికీ మించి బోలెడంత గర్వం ఉన్నాయి. గర్వం తప్ప మిగతావన్నీ భద్రంగా తిరిగి తెచ్చుకున్నాను.

అప్పటికి నేను పనిచేసే వారపత్రికలో ఒక వరస నడుపుతున్నాను. జన్మానికో శివరాత్రి అన్నట్టు, బతుకంతా కలిపి ఒక్క నవల అచ్చు వేయించి ఊరుకున్న రచయితల గురించి. ముగ్గురి మీద రాశాను, పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. నా సిద్ధాంతం చాలా తేలిక. చెలమలో ఒక్క బిందె నీళ్ళే ఉంటాయి, అది తోడేశాక ఇసుకే. నాలుగోవాడు ఎమ్మిగనూరు నేతగాడు ఈరన్న. ఆయన నవల 'పన్నెండు మూరలు' ఎనిమిదేళ్ళ కిందట మద్రాసులోనే అచ్చయింది. ఆ ప్రచురణకర్త దగ్గర అప్పుడు ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాదే. కాబట్టి ఈరన్న గురించి రాసే హక్కు లోకంలో ఎవరికన్నా నాకే ఎక్కువ ఉందనుకున్నాను. వస్తున్నానని ఉత్తరం కూడా రాయలేదు. చెప్పకుండా వెళ్తే మనిషి నిజం చెబుతాడని పత్రికల వాళ్ళకొక నమ్మకం.

ఇది కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు, శివరాత్రి వెళ్ళిన వారం. బండి తెల్లవారి ఏడు గంటలకు గుంతకల్లు చేరింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాను. చట్నీలో కారం చూసి, ఇక సీమలోకి వచ్చేశామని అర్థమైంది. మూడో తరగతి పెట్టెలోకి అక్కడే ఒక కుటుంబం మూటలతో, ఒక రోకలితో సహా ఎక్కింది. పెద్దాయనను యాడికని అడిగాను, వాళ్ళ మాట వచ్చినట్టు నటిస్తూ.

"కోసిగి అప్పా. గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి పోయి వస్తాండాం" అన్నాడు.

"ఏటా పోతారా?"

"వాన మా ఊరికి రాదు. అందుకే మేమే వానుండే ఊరికి పోతాం."

బాగుందే అనుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆయన అది చూసి, "ఏమి రాసుకుంటాండావప్పా, నేనేమన్నా తప్పు మాట్లాడితినా?" అని అడిగాడు. లేదన్నాను. అయినా ఆయన ఆదోని వచ్చేదాకా మళ్ళీ నోరు విప్పలేదు.

ఆదోనిలో దిగేటప్పటికి తొమ్మిదిన్నర. స్టేషను నుంచి బస్సుల దగ్గరికి జట్కాలో బయలుదేరితే పత్తిబండ్లు దారి కట్టేశాయి. జిన్నింగు మిల్లుల దూది గాల్లో ఎగిరి నా నల్లకోటును కాస్తా తెల్లటి పెళ్ళికోటు చేసింది. బొరుగులతో చేసిన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని, కాఫీ తాగాను. వెళ్ళేవాళ్ళకు ఒక మాట, బజ్జీ ఒక్కటి చాలు. నేను మూడు తిని పదిన్నర దాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాను. పదకొండు గంటల బస్సు పదకొండూ ఇరవైకి కదిలింది. పైన తెలగపిండి బస్తాలు, లోపల మనుషులు. రెంటికీ తేడా చూపించలేదు కండక్టరు.

నా పక్కన ఖాసిం సాబు అని ఆదోని ఆయన. మగ్గాల వాళ్ళకు రంగులు అమ్ముతాడు, చేతివేళ్ళు నీలంగా ఉన్నాయి. ఈరన్న తెలుసా అన్నాను.

"కతల ఈరన్నా? ఎందుకు తెలీదు. శానా మంచోడు సార్" అన్నాడు. నా చేతిలో నోటుపుస్తకం చూసి, "బుక్కు సంగతికి పోతాండారా? ఆ వీధిలో దాని మాట ఎత్తాకండి" అన్నాడు. ఎందుకని అడిగితే, ఆయన్నే అడగమని కిటికీలోంచి నల్లరేగళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. పల్లెటూరి వాళ్ళకు సాహిత్యమంటే అసూయ అని నేను నిశ్చయించేశాను.

పన్నెండు దాటాక ఎమ్మిగనూరులో దిగాను. ఈరన్న వీధి చూపించడానికి ఖాసిం సాబు మలుపు దాకా వచ్చాడు. ఆ వీధి పొడుగునా ఒక పడుగు సాచి ఉంది. కర్రల మీద నిలబెట్టిన దారాల తెర, దానికి రెండు పక్కలా మనుషులు గంజి పట్టించి కుంచెతో దువ్వుతున్నారు. పది చేతులు లేనిదే ఆ పని కాదు. ఎవరి పడుగు వీధిలోకి వచ్చినా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తమ మగ్గాలు వదిలి వచ్చి పట్టాలి. అడిగే పనిలేదు, కూలీ లేదు. ఆ వరసలో నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, చెవి మీద పెన్సిలుతో కాక గంజి మరకలతో ఉన్నవాడే ఈరన్న అని ఖాసిం సాబు చూపించాడు.

నా పేరు చెప్పగానే చేతిలో కుంచె పక్కవాడికిచ్చి పరుగున వచ్చాడు. "సార్, మీరా! మా ఇంటికా!" అని తడిచేతులతోనే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళ కింద నేను రాసిన మూడు కార్డులూ దాచుకున్నాడట. ఆ ఆదరణకు నేను ఉబ్బిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇంట్లో గుంటమగ్గం పక్కనే చాప వేశాడు. ఆయన భార్య జొన్నరొట్టె, చెనిగ్గింజల పొడి, అంటే మన వేరుసెనగ పొడి, పెరుగు పెట్టింది. నేను నా వరస గురించి చెప్పి, నోటుపుస్తకం తెరిచి, ఎంతో తెలివైన ప్రశ్న అడిగినట్టు అడిగాను. "ఇంత మంచి నవల రాసి, రెండోది ఎందుకు రాయలేదండీ?"

ఈరన్న వాకిలి వైపు చూశాడు. వీధిలో పడుగు దగ్గర ఆయన తండ్రి లింగప్ప, డెబ్బై దాటిన మనిషి, తెగిన పోగులు ముడి వేస్తున్నాడు.

"ఆ చివరి పేజీ ఉంది కదా సార్" అన్నాడు ఈరన్న గొంతు తగ్గించి.

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. ఆ నవలలో ముసలి నేతగాడు కరువు రోజుల్లో చీర నేస్తుంటాడు. ఈరన్న రాసిన ముగింపు ఒక్కటే వాక్యం. ముసలాయన ఆ పూటకు చాలించి, మగ్గం మీద గుడ్డ కప్పి, గంజి కేంద్రానికి నడిచాడు. నాకది చప్పగా తోచింది. పైగా చివరి ఫారంలో, అంటే ఆఖరి అచ్చుకాగితంలో, ఒక పేజీ ఖాళీగా మిగిలింది. కాగితం దొరకని రోజులు, ఖాళీ పేజీ వదలడమేమిటని ప్రెస్సు ఫోర్‌మన్ గొణిగాడు. నేను బల్ల దగ్గరే నిలబడి అరగంటలో ఆ పేజీ నింపాను. ముసలివాడు కత్తి తీసి, సగం నేసిన పడుగును తన చేతులతోనే కోసి పారేసినట్టు, ఆ దారాలు మీద పడగా పెద్దగా నవ్వినట్టు. ప్రూఫు ఎమ్మిగనూరు పంపి తెప్పించుకునే ఓపిక నాకు లేదు. తర్వాత ఆ పేజీని ఎందరో పొగిడారు. కాలేజీ పిల్లలు సభల్లో అప్పజెప్పారు. ప్రతిసారీ లోలోపల మురిసిపోయి, పైకి ఈరన్నను మెచ్చుకున్నాను.

"మగ్గం మీద పడుగు అయిపోయినా కొసలు వదిలిపెడతాం సార్" అన్నాడు ఈరన్న. "కొత్త పడుగు దారాలు వాటికే అతుకుతాం. మా తాత కొసలకు మా నాయన అతికినాడు. ఆయన కొసలకు నేను. నడమ కోసేది ఒక్కప్పుడే, నేసేవాడు సచ్చి ఆ మగ్గం గుంటలో కూర్చునేకి ఇంగెవరూ లేనప్పుడు. బతికుండి కోసినాడంటే తన ఇంటికి తానే కొరివి పెట్టుకున్నట్టు."

"కానీ అది కథ కదా" అన్నాను.

"ఆ ముసలాయన మా నాయనే అని వీధిలో అందరికీ తెలుసు. కరువులో మేము వలస పోయి ఆర్నెల్లు మా ఇంటికి తాళం ఉన్నింది. అప్పుడు కోసేసినాడేమో, కొడుకే రాసినాడు, అచ్చులో ఉంది, అబద్ధమెట్లవుతుంది అన్నారు. ఏడాది మా పడుగు ఎవరూ పట్టలేదు సార్. నేనూ, మా నాయనా, మా ఇంట్లో ఆమె, ముగ్గురమే వీధిలో పరిగెత్తేది. సగం గంజి పట్టేలోపు సగం ఎండిపోయేది. కడాకు పెద్దలు కూర్చుని తప్పు డబ్బు కట్టించుకుని సర్దినారు. ఆ పొద్దే మా నాయన అన్నాడు, నేనున్నన్ని దినాలు నువ్వు కలం పట్టొద్దని."

చేతిలో రొట్టెను తునకలు చేస్తూ, "అది నేను రాసింది కదయ్యా. ఆ మాట చెప్పలేకపోయావా?" అన్నాను.

"ఎట్ల సెప్పేది సార్? మగ్గమోడు బుక్కు రాసినాడంటేనే నమ్మనోళ్ళు ఊర్లో సగమున్నారు. చివరి పేజీ నాది కాదంటే, మిగతాది కూడా నీది కాదులే అంటారు."

ఆయన గొంతులో నా మీద కోపం ఏ కొంచెమైనా ఉంటే బతికిపోయేవాణ్ణి. లేదు. చెలమలో ఒక్క బిందె నీళ్ళే అని రాసిన నోటుపుస్తకం నా ఒళ్ళోనే తెరిచి ఉంది. దాన్ని మూసేశాను. చెలమలో రాయి వేసి పూడ్చినవాణ్ణి నేనే.

అంతలో లింగప్ప లోపలికి వచ్చాడు. చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. చదువు రాని మనిషి, చూపు మాత్రం చురుకు.

"నువ్వేనా అప్పా, మావాని బుక్కు అచ్చేసినోడివి?"

అవునన్నాను.

"ఒక మాట సెప్పు. ఎనిమిదేండ్లుగా వీడు సెప్పడు. ఆ పడుగు వీడెందుకు కోయించినాడు? నీకేమన్నా సెప్పినాడా?"

ఈరన్న తల ఎత్తి నా వైపు చూశాడు. ఆయన భార్య వాకిట్లో చెంబు పట్టుకుని నిలబడిపోయింది. ఒక్క మాట చాలు, అది నేను రాశానయ్యా అని. నోటి దాకా వచ్చింది. బయట వీధిలో పదిమంది ఉన్నారు, వాళ్ళందరూ వస్తారు, మద్రాసు పెద్దమనిషి ఇంత తెలివితక్కువవాడా అంటారు అనుకున్నాను. ఇంత చిన్న భయం అది.

"కథ కోసం అప్పా" అన్నాను. "కథల్లో అట్లాగే రాస్తుంటారు."

లింగప్ప మగ్గం వైపు చూశాడు. "కతకైనా కోయగూడదప్పా" అని లేచి మళ్ళీ వీధిలోకి పోయాడు. ఈరన్న కింద పడిన రొట్టె తునకలు ఏరడం మొదలుపెట్టాడు.

మూడున్నర బస్సుకు ఆయనే నా సంచి మోసుకుని వచ్చాడు. వద్దన్నా వినలేదు. బస్సు కదిలే ముందు, వేరే మాట ఏదో చెబుతున్నట్టు, "మీరు సెప్తారేమో అనుకుంటి సార్" అన్నాడు. సంచి నా ఒళ్ళో పెట్టి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం కంటే చెంపమీద ఒకటి ఇచ్చి ఉంటే బాగుండేది.

ఆదోనిలో అయిదూ నలభై బండి దొరికింది. ఎదుటి బల్ల మీద ఆస్పరి బడిపంతులు ఒకాయన కూర్చున్నారు. పత్రిక వాణ్ణని తెలిసి సాహిత్యం ఎత్తుకున్నారు. మా పక్కనుంచి వచ్చింది ఒక్కటే నవలండీ, కానీ ఆ చివరి పేజీ చాలు అన్నారు. తలుపు తెరుచుకున్నట్టు అనిపించి, "ఆ పేజీ నేను రాశాను. ఈరన్న రాయలేదు" అన్నాను. ఎమ్మిగనూరులో రాని మాట ఇక్కడ, ఖర్చు లేని చోట, సునాయాసంగా వచ్చింది.

పంతులుగారి మొహం వెలిగింది. "అట్లనా! నేను అప్పుడే అనుకుంటి. అయితే బుక్కంతా మీదే అన్నమాట" అన్నారు.

కాదు కాదని ఆస్పరి వచ్చేదాకా ఒట్లు పెట్టుకున్నాను. ఆయన నా వినయానికి ముచ్చటపడుతూ దిగిపోయారు. ఈరన్న భయపడింది దీనికే.

గుంతకల్లులో బండి చాలాసేపు ఆగింది. ఆదోని వైపు వెళ్ళే పాసింజరు ఎదుటి ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. ఎక్కితే పొద్దున మొదటి బస్సుకు ఎమ్మిగనూరులో ఉంటాను. దాన్ని చూస్తూ కాఫీ తాగాను. లింగప్పగారికి ఉత్తరం రాద్దాంలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పాసింజరు వెళ్ళిపోయాక గుర్తొచ్చింది, ఆ ఇంట్లో ఉత్తరం చదివేవాడు ఈరన్న ఒక్కడే. కొడుకు చదివితే కొడుకే కల్పించాడనుకుంటాడు తండ్రి.

వరసలో నాలుగో వ్యాసం ఇదే. 'పన్నెండు మూరలు' చివరి పేజీ నాది. దాని ముందున్న ప్రతి అక్షరమూ ఈరన్నది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు చెబుతున్నాను, ఆదోనిలో పొద్దున మొదటి బస్సు ఎక్కితే ఎండ ముదిరేలోపు చేరతారు. పడుగు సాచిన వీధిలో లింగప్పగారని అడగండి, పత్రిక వెంట తీసుకెళ్ళండి. పదిమందీ వినేట్టు ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి. నేను చెప్పాల్సింది, నాకు ధైర్యం చాలలేదు.