రెండో బ్రేకు

మా తమ్ముడు కారు నడపడం నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర ఎలాగూ ఒక బ్రేకు ఉంటుంది. వాడి కారులో పక్క సీటు ముందు, వాడి కుడికాలికి అందేలా, ఇంకోటి ఉంటుంది. పాఠం చెప్పేటప్పుడు "నిదానం, నిదానం" తప్ప వాడి నోట ఇంకో మాట రాదు కాబట్టి ఊళ్లో అందరూ నిదానం మాస్టారు అంటారు. ఒకసారి ఒక పెద్దావిడ కారును మెల్లగా తీసుకెళ్లి టమాటాల బండికి తగిలించింది. వీడు దిగి, ఆవిడతో కలిసి టమాటాలు ఏరి, మళ్లీ స్టీరింగు ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆ ఓర్పంతా బయటే ఖర్చయిపోయి ఇంటికి చిల్లర కూడా మిగలదని మా మరదలు అంటుంది.

ఇంట్లో అంటే కూతురి విషయంలోనే. మా మేనకోడలికి పదమూడేళ్లు, బ్యాడ్మింటన్ ఆడుతుంది. ప్రాక్టీసులో దాన్ని చూడాలి, కాలు ఒకచోట నిలవదు. మ్యాచ్ అనేసరికి మాత్రం కొయ్యబారిపోతుంది. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. పిల్లకి బలం చాలడం లేదని మరదలు రోజూ ఇంకో గుడ్డు తినిపించింది. నేను బట్టలు కుట్టేదాన్ని కదా, చంకల దగ్గర చొక్కా పట్టేస్తోందేమోనని విప్పి మళ్లీ కుట్టాను. మా తమ్ముడు మాత్రం దానికి శ్రద్ధ లేదని తేల్చేశాడు. ఓడిన ప్రతిసారీ, ఇంటికొచ్చే దారి పొడుగునా, పోయిన పాయింట్లన్నీ మొదటి నుంచి ఏకరువు పెట్టేవాడు. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది.

ఒక సాయంత్రం అది మా కొట్టుకి వచ్చి, గుడ్డముక్కల మూట మీద కూర్చుని, ఇంక ఆట మానేస్తానంది. నేను మిషను ఆపేశాను. విసుగొచ్చిందేమో అనుకున్నాను. విసుగు కాదట. ఆట ఇష్టమే, నాన్న వస్తేనే భయమట. తిడతాడనా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"నాన్న ముందు వరసలో కూర్చుంటాడు కదా అత్తా. షటిల్ నా ఎడమవైపుకి వస్తే చాలు, కాళ్ల కిందున్న చెక్క మీద నాన్న కాలు టక్కుమంటుంది. అది నా దాకా రాకముందే నాన్న బ్రేకు వేసేస్తాడు. అంటే నేను కొట్టలేనని నాన్నకి ముందే తెలిసిపోయిందన్నమాట. ఇంక నేనేం కొడతాను?"

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. అది చెప్పింది నిజమే. బస్సులో కూర్చున్నా, సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా, ఎదురుగా ఏదైనా దూసుకొస్తే వాడి కాలు నేలని తొక్కుతుంది. అది చూసి మేమంతా నవ్వుకున్నవాళ్లమే. పిల్ల చెవికి ఆ చప్పుడు ఏమని వినపడుతోందో ఒక్కరమూ ఆలోచించలేదు. పట్టణ పోటీలు దగ్గర పడ్డాయి. నాన్న వస్తే ఆడనని, ఆ మాట నువ్వే చెప్పాలని నా నెత్తిన పెట్టి పోయింది.

నాకు నాన్చడం చేతకాదు. తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాడు ఇంతెత్తున లేచాడు. తెల్లారకముందే లేచి తీసుకెళ్లేది ఎవరు, బూట్లు కొనేది ఎవరు అన్నాడు. అసలు తన కాలు కదలనే కదలదన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ కాలు కదులుతూనే ఉంది. ఆ రోజు నుంచి నాతో మాటలు బంద్.

ఇంతలో కోచ్ మేడమ్, అంటే మా మేనకోడలికి ఆట నేర్పే ఆవిడ, మా తమ్ముడి దగ్గర కారు నేర్చుకోవడానికి చేరింది. కోర్టులో పిల్లల్ని గడగడలాడించే మనిషి, స్టీరింగు ముందు కూర్చుంటే నోరు పెగలదు. ఒక ఉదయం ఆవిడ పాఠం అయ్యాక నన్ను బట్టల బజారులో దింపాలి కాబట్టి నేను వెనక సీట్లో ఉన్నాను. మాటలు మానేశాడు గానీ నన్ను దింపడం మానలేదు, అదీ మా తమ్ముడు. ఆవిడ కారుని వెనక్కి నడుపుతూ వాళ్లింటి గేటులోంచి లోపలికి పెడుతోంది. గేటు స్తంభం మీదికొస్తోంది. నేను వీడి కాలు వంకే చూస్తున్నాను. నిజం బ్రేకు ఉన్నచోట ఆ కాలు ఎంత బుద్ధిగా ఉందో! కారు కర్రుమని గీసుకుపోయింది.

చూస్తూ చూస్తూ బ్రేకు ఎందుకు వేయలేదని కోచ్ మేడమ్ లబలబలాడింది.

"వేస్తే గేటు ఎక్కడుందో మీకు ఎప్పటికీ తెలీదు మేడమ్. పోయింది కాస్త రంగే కదా," అన్నాడు మా తమ్ముడు.

ప్రతి మ్యాచ్‌లోనూ వాడి కాలి చప్పుడు వింటున్న ఆవిడ స్టీరింగు వదిలి వాడి వైపు తిరిగింది. "నన్ను గేటుకి గుద్దుకోనిచ్చారు. మరి మీ అమ్మాయిని ఒక్క షటిలైనా నెట్‌కి కొట్టుకోనివ్వరేం మాస్టారూ?"

ఆవిడ దిగాక మా తమ్ముడే బండి తీశాడు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయింది. ఊరందరికీ నేర్పేవాడి కారు, నడిరోడ్డు మీద! వెనక హారన్లు మోగుతుంటే వాడు నా వైపు తిరిగి, "నిజంగా కదులుతుందా అక్కా?" అన్నాడు. కదులుతుందిరా అన్నాను. వాడి మొహం చూశాక ఇంకో మాట అనబుద్ధి కాలేదు. జాలేసింది.

ఆ సాయంత్రం వాడు కూతురి గది గుమ్మంలో నిలబడి, పోటీలకి రావచ్చా అని అడిగాడు. పిల్ల షరతులు పెట్టింది. అన్నిటికంటే పై వరసలో కూర్చోవాలి, బూట్లు విప్పెయ్యాలి, పక్కన అత్త ఉండాలి.

అన్నీ ఒప్పుకున్నాడు. పోటీ రోజు ఉత్తకాళ్లతో నా పక్కన కూర్చున్నాడు. మొదటి షటిల్ ఎడమవైపుకి రాగానే వాడి పాదం వచ్చి నా పాదం మీద పడింది. పళ్లు బిగపట్టాను. వాడు ఆటలోంచి కళ్లు తిప్పలేదు, తొక్కుతున్న సంగతే వాడికి తెలీదు. అయితేనేం, చప్పుడు కిందికి పోలేదు. పిల్ల మొదటి గేమ్ ఓడింది. రెండో గేమ్‌లో నెట్‌కి కొట్టింది, భుజాలు ఎగరేసి మళ్లీ కొట్టింది, ఈసారి దాటించింది. ఆ గేమ్ గెలిచింది. మూడోది ఆఖరిదాకా లాగి, గీతకి వెంట్రుకవాసి అవతల కొట్టి ఓడిపోయింది. అవతలి పిల్లకి చెయ్యి కలుపుతూ నవ్వుతోంది. మ్యాచ్ అయ్యాక దాని మొహంలో నవ్వు చూడడం నాకు అదే మొదలు.

గబగబా మెట్లెక్కి వచ్చింది. మా తమ్ముడు గొంతుదాకా వచ్చిన పాయింట్లన్నీ మింగేసి, నీళ్ల సీసా అందించాడు. అది గటగటా తాగి మూతి తుడుచుకుంది.

"రేపు డబుల్స్ ఉంది నాన్నా. రేపు కింద కూర్చో. ఇంత పైన కూర్చుంటే నువ్వు నాకు కనపడటం లేదు."

మా తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. నా కన్నీళ్లలో సగం పాదం నొప్పివే గానీ, ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు.