రేడియోలో మామ గిటారు

మామ పోయి ఏడాది కావస్తుండగా అత్త ఒక్కటే కోరింది. ఆయన రేడియోలో వాయించినవన్నీ ఒకచోట చేర్చి సంవత్సరీకం నాడు వినిపించమంది.

"ఒక్కటీ సివరికంటా ఇన్లేదు అల్లుడూ నేను" అంది. ఇన్నేళ్ళు కాపురం చేసి వినకపోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం సరేనన్నాను.

మామ అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమస్తా. పొద్దంతా బెల్లం దిమ్మల తూకాలు రాసేవాడు, సాయంత్రం గిటారు మీద బ్లూస్ రాక్ వాయించేవాడు. మా వీధిలో దాన్ని ఏడుపు గిటారనేవారు. రేడియో వాళ్ళు మాత్రం అప్పుడప్పుడు విశాఖపట్నం పిలిచి రికార్డు చేసుకుని, కొన్నాళ్ళకు ప్రసారం చేసేవారు. ఆ పూట మామ రేడియో ఎదురుగా టేప్‌రికార్డర్ పెట్టి, చుట్టాలనీ ఇరుగుపొరుగునీ కూర్చోబెట్టి, అందరినీ ఊరుకోమని కేకలేసేవాడు. ఆ కేకలన్నీ కాసెట్లలోకి ఎక్కాయి.

"ఉస్! మాటాడకండి!"

"కుర్సీ జరపకు బావా!" ఇది మా నాన్నకు.

"ఇదుగో, ఇక్కడ తీగ సాగదీత్తాను సూడండి!" ఆయన ఇది చెప్పి ముగించేసరికి సాగదీయడం కూడా అయిపోయేది.

ఆ కేకలు తీసేయించడానికి కాసెట్లను కంప్యూటర్ షాపుకు పట్టుకెళ్ళాను. షాపతను చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాసేపు విని, "గిటారు తీసీసి మీ మావగారి గొంతు ఉంచమంటే సులువు సార్. గొంతు తీసీమంటే ఏటీ మిగల్దు" అన్నాడు.

"చచ్చినా నోరు మూయవా మామా!" అని అక్కడే అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది. ఆయన మీద నాకు అంత ఇష్టముందని ఆ షాపులోనే తెలిసింది.

చేసేది లేక, ఉన్నవి ఉన్నట్టే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, సంవత్సరీకం నాడు భోజనాల వేళ స్పీకర్‌కు తగిలించాను. నలుగురూ నవ్వుతారని సిగ్గుతో చస్తున్నాను.

"ఉస్! మాటాడకండి!"

పందిరంతా ఠక్కున ఊరుకుంది. సాంబారు వడ్డిస్తున్నతను గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడే కుర్చీ లాక్కుంటున్న మా నాన్న, "కుర్సీ జరపకు బావా!" అని కేక రాగానే కూర్చోకుండా నిలబడకుండా సగం వంగి ఆగిపోయారు.

ఆఖరి కాసెట్ వచ్చింది. "ఏటే, వంట తరవాత సేద్దువుగాని. ఓపాలొచ్చి కూకో!" అంది మామ గొంతు. వెనక నుంచి అత్త పడుచు గొంతు: "పులుసు దించీసి వత్తాను, ఉండు!"

ఆ రోజు ఆమె రాలేదు. మామకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన అలిగి మాట్లాడేవాడు కాదు. అన్ని కాసెట్లలోకీ నోరెత్తకుండా ఆయన గిటారు వినపడేది అక్కడొక్కచోటే.

ఇప్పుడు వంటింట్లోంచి అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి స్పీకర్ పక్కనే నేల మీద చతికిలబడింది. "వచ్చేన్లే, వాయించు" అంది. గిటారు సాగినంతసేపూ కదల్లేదు. పందిట్లో ఎవరూ ముద్ద ఎత్తలేదు.

అయిపోయాక కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఇంత బాగా వాయించీవోడేటి! ఆ మడిసి ఒక్కపాలి నోరు మూసుకునుంటే, పులుసు మాడి మసైపోయినా వచ్చి కూకునుందును."