ఖాసిం చాచా గడ్డకు చైనా సెగ

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడితే ఒక్క నాలుకే కదా. నేను ఒకాయన గడ్డకు మందేసి, మా బాపు బత్తాయి తోటకే ఎసరు పెట్టాను. నవ్వదలుచుకుంటే నవ్వుకోండి, కేతేపల్లి పక్కన మా ఊరంతా ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ఎనభైల చివరి మాట. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నేను మహబూబ్‌నగర్‌లో పది రోజుల చైనా వైద్యం శిక్షణకు వెళ్ళి, ఒక పుస్తకం, డబ్బాడు సూదులతో తిరిగొచ్చాను. వైద్యుడు తయారే, రోగులే కరువు.

అప్పుడు దొరికాడు ఖాసిం చాచా. బోరు వేసేముందు భూమిలో నీళ్ళెక్కడున్నాయో చెప్పే మనిషి. ఆయన బట్టతల నడిమధ్య నిమ్మకాయంత కొవ్వు గడ్డ, ఇరవై ఏళ్ళుగా నొప్పీ గిప్పీ లేకుండా కూర్చుని ఉంది. తువ్వాలు తీసి చేలో నడుస్తుంటే నీళ్ళున్న చోట ఆ గడ్డ సుర్రుమంటుందట. ఆయన్ని అడక్కుండా వేసిన మా రెండు బోర్లూ దుమ్మే పోశాయి. మూడోదీ పోతే తోట నరికి పొయ్యిలో పెట్టుకోవడమే. మర్నాడు నార్కట్‌పల్లి నుంచి బోరు బండి వస్తుందనగా చాచా మా ఇంటికొచ్చాడు. గడ్డ చూడగానే నా చెయ్యి ఊరుకోలేదు.

"చాచా, గీ గడ్డను ఇంకెన్నొద్దులు మోస్తవు?"

"దవాఖానల కోస్తమన్నరు బిడ్డా. కత్తంటే నాకు భయం."

"కత్తెందుకు? చైనోళ్ళ లెక్కల గడ్డంటే కఫం పేరుకపోవుడు. పిక్క పక్కన సూది గుచ్చితే కరుగుతది."

చాచా కాలు వెనక్కి లాక్కున్నాడు. "గడ్డ నెత్తి మీద, సూది కాలికా? తలనొస్తె తలగడ మార్చినట్టున్నది."

"అయితే సెగ పెడ్త. ఎండిన మాచిపత్రి నూరి, చుట్ట చుట్టి, అంటించి గడ్డ చుట్టూ తిప్పుడే."

"వినాయకునికి పెట్టే మాచిపత్రేనా?" చాచా కొంచెం మెత్తబడ్డాడు. "తాకది గద?"

"అంగుళం దూరం. పుస్తకంలనే ఉన్నది."

ఆ పుస్తకమే కొంప ముంచింది. ఎడమ చేతిలో పుస్తకం, కుడి చేతిలో కాలుతున్న చుట్ట. అంగుళం తర్వాత ఏం చెయ్యాలో వెనక పేజీలో ఉంది. పేజీ తిప్పడానికి నాకు మూడో చెయ్యి లేదు కదా, మీరే చెప్పండి. కుడి చేత్తోనే తిప్పాను. చుట్ట పోయి సరిగ్గా గడ్డ మీద ఆనింది. చాచా లేచిన ఊపుకు మంచం తిరగబడింది.

మర్నాడు బోరు బండి వచ్చింది. నెత్తికి మందు పూసుకున్న చాచా చేలో అడుగుపెట్టి, "సుర్రుమంటాంది" అన్నాడు. బాపు సంతోషంగా సున్నంతో గుర్తు పెట్టాడు. నాలుగడుగులు వేసి, "ఈడ గూడ సుర్రుమంటాంది" అన్నాడు. ఇంకో గుర్తు. అరగంటలో చేనంతా ముగ్గు వేసినట్టయింది.

"ఖాసిం భాయ్, చేనంత నీళ్ళేనా?"

"నీళ్ళో, నీ కొడుకు పెట్టిన మంటో, నాకెట్ల తెలుస్తది?"

బాపు నన్ను తిట్టలేదు. ఎండిన బత్తాయి చెట్ల వైపు చూస్తూ చేతికంటిన సున్నం పంచెకు తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేది, నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఎండెక్కేసరికి చాచా ఓపిక అయిపోయింది. గట్టు మీది తుమ్మ నీడలో చతికిలబడి, "నేనింక లేవ. ఏస్తె నా పక్కన్నే ఎయ్యి" అన్నాడు. వేరే దారి లేక అక్కడే వేశారు. మధ్యాహ్నం దాకా దుమ్ము, తర్వాత తడిమట్టి, ఆ తర్వాత నీళ్ళు మనిషెత్తున లేచాయి. బాపు తడిసి ముద్దయి నన్ను కావలించుకున్నాడు. చాచా మాత్రం నన్ను దగ్గరికి రానివ్వలేదు.

గడ్డ కరగలేదు సరికదా, పైన బొబ్బెక్కి ఇంకాస్త లావైంది. వారం తిరక్కుండా మా వాకిట్లోకి ముగ్గురు రైతులొచ్చారు. రోగులొచ్చారని సంబరపడి సూదుల డబ్బా తెచ్చాను.

"సూదులొద్దు తమ్మీ," అన్నాడు పెద్దాయన. "రేపు మాకు బోరు బండొస్తాంది. ఖాసిం సాబును మేం ముగ్గురం గట్టిగ పట్టుకుంటం. నువ్వు జర అదే జాగల అంటియ్యి."

ఆ మాట చాచా చెవిన పడింది. సాయంత్రం బస్సుకే నల్లగొండ పోయి, దవాఖానలో గడ్డ కోయించుకున్నాడు. కత్తి కంటే నేనే ప్రమాదమని ఆయనకు తేలిపోయింది.

అందుకే పంచభూతాల సాక్షిగా చెబుతున్నాను, ఇక ఎవరి గడ్డ జోలికీ పోను. ఎవరైనా బీడీకి నిప్పడిగినా సరే, అగ్గిపెట్టె నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరుగుతాను.